మరొకరు లోపల ఉన్నారు

కొత్త బూట్లు సరిపోయాయో లేదో చూసుకుంటూ చనిపోయాడు ఉడుత.

మిట్టమధ్యాహ్నం. చెప్పుల దుకాణంలో, అద్దాల తలుపు పక్కనున్న బెంచీ మీద. ఎడమ కాలికి కొత్త బూటు, కుడి కాలికి పాతది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడూ, బూట్ల డబ్బా మూత కింద పడ్డ చప్పుడూ ఒకేలా ఉంటాయని దుకాణంవాడికి ఆ రోజే తెలిసింది. కాల్చినవాడు గొడుగు విప్పుకుని తాపీగా జనంలో కలిసిపోయాడు.

ఉడుతని కలవడానికి వచ్చిన కొంగ దుకాణంలో అడుగుపెట్టేసరికి బెంచీ కింద రక్తం మడుగు కట్టింది.

కొంగ అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఒంటికాలి మీద నిలబడ్డట్టు ఎంతసేపైనా ఓపిగ్గా కాచుకుని ఉంటాడని. ఉడుత అతనికి బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్లినాటికి సరిగ్గా మీసాలు కూడా రాని కుర్రాడు, "బావ చేసే ఉద్యోగమే నాక్కావాలి" అని మొండికేసి ఇందులోకి వచ్చాడు.

కొంగ వాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. అరచేత్తో గాయాన్ని అదిమాడు. ప్రాణం అంత తేలిగ్గా పోలేదు. చాలాసేపు కొట్టుకుంది. నోట్లోంచి మాట రావడానికి వాడు పడ్డ యాతన చూడలేక కొంగ కళ్లు మూసుకున్నాడు.

"అక్క..." అన్నాడు ఉడుత.

"అక్క? అక్కకేమైందిరా?"

"అక్క..."

అంతే. ఆ పైన ఇంకేమీ లేదు.

*

ఆస్పత్రి మార్చురీ ముందున్న వరండాలో, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునే బ్రీఫింగ్ జరిగింది. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఓదార్పు మాటలతో కాలం వృథా చేసే మనిషి కాదు.

"వాడు ఆ దుకాణానికి వస్తాడని నలుగురికే తెలుసు. నాకు, నీకు, వాడికి, నీ భార్యకి. నేను చెప్పలేదు. నువ్వు చెప్పలేదు. వాడు లోపల పడుకున్నాడు. లెక్క నువ్వే వేసుకో."



అతని భార్య కోడ్‌నేమ్ నెమలి. ఆమె నడిచొస్తుంటే గదిలో మాటలు ఆగిపోతాయి. ఆ అందాన్నీ, ఆమెకొచ్చిన భాషలనీ చూసే పెద్దాయన ఆమెను విదేశీ ముఠాలోకి పంపాడు. డిపార్ట్‌మెంటుకి ఏజెంట్, ముఠాకి నమ్మకమైన దుబాసీ. లోకానికి మాత్రం మొగుణ్ణి వదిలేసి డబ్బున్న విదేశీయుడి వెంట పోయిన ఆడది. చుట్టాలు ఆమెను నోటికొచ్చినట్టు తిడుతుంటే కొంగ తల దించుకుని విన్నాడు. నిజం చెబితే ఆమె ప్రాణం పోతుంది. చెప్పకపోతే పోయేది తన పరువే కదా అనుకున్నాడు. ఆమె క్షేమ సమాచారం తెచ్చేది ఉడుత ఒక్కడే. ఏసీ మెకానిక్ వేషంలో, ఆమె ఉండే ముఠా ఇంటికి వెళ్లొచ్చేవాడు.

"చనిపోయేముందు ఏమన్నాడు?" అడిగాడు పెద్దాయన.

"'అక్క' అన్నాడు."

"ఇంకేం కావాలయ్యా నీకు?" పెద్దాయన గొంతు తగ్గించాడు. "సరే, పని సంగతి విను. రేపు సాయంత్రం నాలుగింటికి కన్వెన్షన్ హాల్లో నదీజలాల ఒప్పందం మీద సంతకాలు. ఆ హాల్లో బాంబు ఉంది. ఎక్కడుందో తెలీదు. వెతకడానికి మనిషిని పంపితే వడ్రంగి కెమెరాలో చూస్తాడు. చూశాడంటే బటన్ నొక్కేస్తాడు."

వడ్రంగి ఆ ముఠా నాయకుడు. ఎక్కడా మేకు కనబడకుండా పని ముగిస్తాడని ఆ పేరు.

"వాడి ఇంటికి కరెంటు తీసేస్తే?"

"అప్పుడూ పేలుతుంది. ఆ బాంబు చంటిపిల్లలాంటిది. మాటిమాటికీ ఇంటర్నెట్ మీద వడ్రంగి ఇంటికి కబురు పెట్టి 'ఉండనా?' అని అడుగుతుంది. లాప్‌టాప్ 'ఉండు' అంటే ఊరుకుంటుంది. 'కానీ' అంటే పేలుతుంది. జవాబే రాకపోయినా పేలుతుంది."

"కబురు వైఫై రౌటర్ గుండానే కదా లోపలికి వెళ్లేది?"

"అదీ సంగతి. ఈ ప్రశ్న వస్తే వడ్రంగి లాప్‌టాప్‌కి అందించు అని ఆ ఇంటి రౌటర్లో ఒక రూల్ రాసి ఉంది. ఆ రూల్లో అడ్రసు మార్చి, ప్రశ్నని మన పరికరానికి మళ్లించాలి. మన పరికరం 'ఉండు, ఉండు' అని జోకొడుతూనే ఉంటుంది. వడ్రంగి ఎన్నిసార్లు నొక్కినా గోడకి చెప్పుకున్నట్టే."

పెద్దాయన జేబులోంచి తెల్లటి ఫోన్ చార్జర్ తీశాడు. చూడ్డానికి ఏ కొట్లోనైనా దొరికే చార్జర్. లోపల బుల్లి కంప్యూటర్, ఒక సిమ్ కార్డు ఉన్నాయి.

"వైఫై పాస్‌వర్డూ, రౌటర్ పాస్‌వర్డూ ఉడుత పంపినవే. వాడి ఆఖరి పని అది." లేచి నిలబడ్డాడు. "రూల్ మారగానే కమాండోలు లోపలికి వెళ్తారు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో మనవాళ్లెవరో వాళ్లకి నేను చెప్పబోవడం లేదు. మనవాళ్లంటూ ఎవరూ లేరు కనక."

కొంగ మార్చురీ తలుపు వైపు చూశాడు. అక్క అంటూ పోయాడు వాడు.

"సరే సార్," అన్నాడు.

*

మర్నాడు పొద్దున కొంగ బొద్దింకల మందు కొట్టేవాడి వేషంలో వడ్రంగి ఇంటికి వెళ్లాడు. వీపు మీద డబ్బా, మూతికి మాస్కు, తెల్లజుట్టు విగ్గు. ఆ వీధిలోని ఇళ్లన్నింటికీ కార్పొరేషన్ తరఫున మందు కొడుతున్నామని ముందురోజే డిపార్ట్‌మెంట్ చీటీలు పంచింది.

తలుపు తీసింది ఆమే.

ఆకుపచ్చ పట్టుగౌను, పెదాలకి ముదురు రంగు. మనిషి కాస్త చిక్కింది. ఆమె వెనక ఒక బట్టతలవాడు నిలబడ్డాడు. వడ్రంగి మనిషి. వాడికి మన భాషలో నాలుగు మాటలు వచ్చునని, ఆ నాలుగూ ఏవో మాత్రం తెలీదని ఉడుత నవ్వుతూ చెప్పేవాడు. వాడు మాటల కోసం చూడడు. మొహాలు చూస్తాడు.

కొంగ వంటింట్లో సింకు కింద మందు కొట్టాడు. ఫ్రిజ్ వెనక కొడుతున్నట్టు వంగి, చార్జర్ని ప్లగ్గులో దూర్చాడు. లేచేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. మాస్కు మీది కళ్లనే చూస్తోంది. మనిషిని గుర్తుపట్టింది. ఆ సంగతి అతనికి వెన్నులో తెలిసింది.

"ఏసీ చూడ్డానికి ఒక అబ్బాయి వస్తుంటాడు కదా," అందామె. "సన్నగా ఉంటాడు. గలగలా మాట్లాడతాడు. మీవాడేనా?"

బట్టతలవాడు ఆమె మొహమే చూస్తున్నాడు.

"మావాడేనమ్మా."

"ఈసారి రాలేదేం?"

కొంగ డబ్బా బెల్టు సవరించుకున్నాడు. "ఇంక రాడమ్మా."

"పని మానేశాడా?"

"నిన్న మధ్యాహ్నం మానేశాడు."

ఆమె మొహంలో గీత కూడా కదల్లేదు. కనురెప్ప వాలలేదు. గౌను మీద పడిన తెల్లటి పొడి మరకను గోటితో గీకింది.

"అలాగా," అంది. "మంచి పనిమంతుడు. మూలల్లో కూడా కొట్టండి."

కొంగ వీధిలోకి వచ్చాడు. పెంచిన తమ్ముడు పోయాడని వింటూ మరక గోక్కునే మనిషి! ఏం నటన, ఏం గుండె! పెద్దాయన లెక్క తప్పలేదు అనుకున్నాడు. అలా అనుకోగానే లోపల ఏదో తెగి కింద పడ్డట్టయింది. దాన్ని ఏరుకోవడానికి కూడా అతను ఆగలేదు.

*

ఎదురు వీధిలో మూసేసిన పళ్ల డాక్టరు క్లినిక్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంది. పేషంటు కుర్చీలో కొంగ, ఒళ్లో లాప్‌టాప్. వెయిటింగ్ బెంచీ మీద పెద్దాయన, చెవిలో వైర్‌లెస్. గోడ మీది టీవీలో కన్వెన్షన్ హాలు. అతిథులు ఒక్కొక్కరే వస్తున్నారు.

చార్జర్‌కి తెర లేదు, మౌస్ లేదు. సిమ్ గుండా వచ్చే లైను దారప్పోగంత సన్నం. అందులోంచి రౌటర్ పేజీ బొమ్మలా తెరుచుకోదు. మనిషి బ్రౌజర్లో ఫారం నింపి బటన్ నొక్కితే ఏమేం వెళ్తాయో, అవన్నీ స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాసి చార్జర్ చేత పంపించాలి.

కొంగ యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ ఫారం పంపాడు. జవాబుగా 'రెండు వందలు' అన్న నంబరు వచ్చింది.

"రెండు వందలంటే ఓకే కదా?" అన్నాడు పెద్దాయన.

"ఉత్తరం అందిందని అర్థం సార్. పని అయిందని కాదు." వచ్చిన పేజీ చదివాడు. మళ్లీ అదే లాగిన్ పేజీ. "గుమ్మం దాకా రానిచ్చి, ఎవరు నువ్వు అంటోంది."

పేజీ లోపలి రాతను వరసగా చదువుకుంటూ పోయాడు. కంటికి కనబడని గడి ఒకటి దొరికింది. పేజీ తెరిచిన ప్రతిసారీ రౌటర్ కొత్త టోకెన్, అంటే ఒక గుర్తు నంబరు, ఇస్తోంది. ఫారంతో పాటు అది తిరిగి రాకపోతే మనిషి కాదనుకుంటోంది. స్క్రిప్ట్ మార్చాడు. ముందు పేజీ అడగడం, టోకెన్ ఏరుకోవడం, దాంతో వచ్చిన కుకీ అనే గుర్తుచీటీ దాచుకోవడం, రెండూ కలిపి ఫారం పంపడం.

ఈసారి జవాబు మారింది. పాస్‌వర్డ్ తప్పు.

పెద్దాయన నిట్టూర్చాడు. "మార్చేసింది. చెప్పానా?"

కొంగ ఒప్పేసుకునేవాడే. కానీ చేతులు అలవాటుగా పేజీని కిందికి జరుపుతూనే ఉన్నాయి. అట్టడుగున నాలుగు వరసల ప్రోగ్రాం కనబడింది. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపదు. టోకెన్‌తో కలిపి, గుర్తుపట్టలేకుండా నూరి, ఆ పొడి పంపుతుంది. బ్రౌజర్ ఆ పని తనే చేసుకుంటుంది. స్క్రిప్ట్‌కి చెబితే తప్ప తెలీదు.

"మార్చలేదు సార్. మనమే పచ్చిది పంపాం."

నూరించి పంపాడు. జవాబు వచ్చింది. ఒకే వాక్యం.

'మరొకరు లోపల ఉన్నారు. వారు బయటికి వచ్చాక ప్రయత్నించండి.'

ఒకసారి ఒక్కరినే, సెట్టింగులు మార్చే అడ్మిన్‌గా రానిచ్చే రౌటర్ అది. ఆ ఇంట్లో రౌటర్ చూసే బాధ్యత ఎవరిదో ఉడుత ఎప్పుడో చెప్పాడు.

"నీ భార్యే," అన్నాడు పెద్దాయన. "తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఇంకేం ఆలోచించకు. కమాండోల్ని పంపేస్తాను."

"పంపితే వడ్రంగి నొక్కేస్తాడు."

"పంపకపోయినా నొక్కుతాడు!"

"ఒక్క క్షణం సార్." లాగిన్ లేకుండానే చూడనిచ్చే పేజీ ఒకటి ఉంది. ఏయే పరికరాలు వైఫైలో ఉన్నాయో చూపే జాబితా. కొంగ అది తెప్పించాడు.

వడ్రంగి లాప్‌టాప్. టీవీ. రెండు ఫోన్లు. ఆ తర్వాత, తను పెట్టిన చార్జర్. పేరు లేని కొత్త పరికరంగా కనబడి ఉండాల్సింది. దాని పక్కన ఎవరో 'వంటింటి లైటు' అని పేరు పెట్టి ఉన్నారు.

చార్జర్ని ఆమె చూసింది. చూసి, ఎవరికీ అనుమానం రాకుండా మారుపేరు పెట్టింది.

పేజీ మళ్లీ తెప్పించాడు. పేరు మారింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన మాటలు.

'వచ్చింది నువ్వేగా'

ఆమె వెనక నిలబడ్డ బట్టతలవాడికి అది ఏదో లైటు పేరులాగే కనబడుతుంది. జవాబెలా చెప్పాలి? తప్పు లాగిన్లన్నీ రౌటర్ లాగ్ అనే తన చిట్టాలో రాసుకుంటుంది, వాడిన యూజర్ పేరుతో సహా. ఆమె లోపల ఉంది. లాగ్ ఆమెకి కనబడుతుంది. కొంగ లాగిన్ ఫారంలో యూజర్ పేరు గడిలో 'నేనే' అని పంపాడు.

పేజీ తెప్పించాడు.

'తమ్ముడికి నొప్పి తెలిసిందా'

ఒళ్లో కొట్టుకున్న ఉడుత తల బరువు ఇంకా కొంగ తొడల మీద ఉంది. వెంటనే టైపు చేశాడు. 'లేదు. నిద్రలో పోయినట్టు.'

కాసేపు పేరు మారలేదు. టీవీలో మంత్రులు వేదిక ఎక్కుతున్నారు. పెద్దాయన బెంచీ దిగి వచ్చి కుర్చీ వెనక నిలబడి తెర చదివాడు.

'రూల్ పేజీ నన్ను ముట్టుకోనివ్వరు' అని వచ్చింది. తర్వాత, 'బయటికొస్తున్నా. వాళ్లు మళ్లీ లోపలికి పొమ్మంటారు. త్వరగా'

కొంగ లాగిన్ పంపాడు. తలుపు తెరుచుకుంది. రూల్ ఫారంలో లాప్‌టాప్ అడ్రసు తీసి, చార్జర్ అడ్రసు పెట్టి పంపాడు. 'రెండు వందలు' వచ్చింది. నమ్మలేదు. రూల్ తిరిగి చదివాడు. పాత అడ్రసే ఉంది.

"ఏమైందయ్యా?"

"తీసుకున్నట్టు నటించి పారేసింది."

టీవీలో ఎవరో కలం మూత తీస్తున్నారు. కొంగ బ్రౌజర్ పంపే ఫారం ఎలా ఉండాలో ఒక్కో గడీ సరిచూశాడు. ఈ పేజీకి మళ్లీ వేరే టోకెన్. 'సేవ్' బటన్‌కి కూడా ఒక పేరుంది, అదీ వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఫారం ఏ పేజీ నుంచి వస్తోందో చెప్పే రెఫరర్ లేదు. ఎక్కణ్ణుంచి వచ్చావో చెప్పనివాడి మాట ఆ రౌటర్ వినడం లేదు. మూడూ చేర్చాడు. తొందరలో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దాడు.

"సంతకం పెడుతున్నారు," అన్నాడు పెద్దాయన.

పంపాడు.

రూల్ తిరిగి చదివే టైము లేదు. చార్జర్ లాగ్ వైపు చూశాడు. ఖాళీ. ఖాళీ. ఆ తర్వాత ఒక వరస పడింది. హాల్లో ఎక్కడో దాక్కున్న బాంబు చార్జర్ని అడుగుతోంది. ఉండనా?

ఉండు, అంది చార్జర్.

టీవీలో కలం కాగితం మీద కదిలింది. చప్పట్లు వినబడ్డాయి. సరిగ్గా అప్పుడే వడ్రంగి బటన్ నొక్కాడని, నొక్కి, మళ్లీ నొక్కి, ఆఖరికి లాప్‌టాప్‌ని నేలకేసి కొట్టాడని తర్వాత తెలిసింది.

పెద్దాయన వైర్‌లెస్ అందుకున్నాడు. "లోపలికి వెళ్లండి. ఆకుపచ్చ గౌనులో ఉన్నావిడ మన మనిషి. మళ్లీ చెబుతున్నా, మన మనిషి."

*

అరగంట తర్వాత ఆమెను క్లినిక్‌కి తీసుకొచ్చారు. పెదవి చిట్లింది. ఆఖరి నిమిషంలో బట్టతలవాడికి అనుమానం వచ్చి చెయ్యి చేసుకున్నాడు. అంతకుమించి దెబ్బల్లేవు. వడ్రంగి చేతులకి సంకెళ్లు పడ్డాయి. హాల్లో పూలకుండీ అడుగున బాంబు దొరికింది, దాన్ని విప్పేశారు.

ఆమె బెంచీ మీద కూర్చుని పెద్దాయనతోనే ముందు మాట్లాడింది. "చోటు నేను చెప్పలేదు. వాడు పాస్‌వర్డ్‌లు పంపడానికి ఆ ఇంటి వైఫైలోకి వెళ్లాడు. వాడి ఫోను పేరు జాబితాలో ఉండిపోయింది. నేను చూడలేదు, వడ్రంగి చూశాడు. నిన్న వాడి వెనకే మనిషిని పంపాడు. కొత్త పరికరం కనబడితే పేరు మార్చాలని నాకు ఇవాళే తెలిసొచ్చింది. ఒక్కరోజు ఆలస్యంగా."

పెద్దాయన తల దించుకుని బయటికి నడిచాడు.

ఇద్దరే మిగిలారు. కొంగ విగ్గు తీసేశాడు.

"ఆఖరికి ఏమన్నాడు?" అడిగింది.

"'అక్క' అన్నాడు. రెండుసార్లు."

ఆమె మొహం అప్పుడు పగిలింది. పొద్దుట్నించీ పట్టి ఉంచినదంతా ఒక్కసారిగా. చేతుల్లో మొహం దాచుకుంది. అతను దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపటికి ఆమె ఆ చెయ్యి వైపు చూసింది.

"మా అమ్మ పోయేనాటికి వాడికి నడక కూడా రాదు. చిన్నప్పట్నుంచీ వాడికి దెబ్బ తగిలితే అమ్మా అనడు. అక్కా అంటాడు. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"మరి పొద్దున నేను తలుపు తీసినప్పుడు నీ కళ్లు ఎందుకలా ఉన్నాయి?"

కొంగ నోరు తెరిచాడు. పెద్దాయన మీదికి నెట్టేయొచ్చు. లెక్క మీదికి నెట్టేయొచ్చు.

"నమ్మాను," అన్నాడు. "నువ్వే చంపించావని నమ్మాను."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"వాడు నిద్రలో పోయినట్టు పోయాడన్నావు. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు తడుముకోవు. వెంటనే చెప్పేస్తావు. అందుకే తెలిసిపోయింది." లేచి నిలబడింది. "వాడి గురించి నిజం చెప్పి, నా గురించి అబద్ధం చెప్పి ఉంటే, ఎలాగో బతికేసేదాన్ని. రెండూ తారుమారు చేశావు."

"ఇంటికి రా," అన్నాడు. "ఊరు ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంటే నోరు మూసుకుని విన్నాను. ఒక్కరోజు... ఒక్కరోజే తప్పాను."

"ఊరంతా అనుకున్నా నాకు ఫర్వాలేదనే వెళ్లాను. నువ్వొక్కడివి అనుకోవన్న ధైర్యంతో వెళ్లాను."

అతను ఆమె వెనకే గుమ్మం దాకా నడిచాడు.

"వాణ్ణి చూడాలి. ఎక్కడ?" అడిగిందామె.

చెప్పాడు. తోడొస్తానన్నాడు.

"వద్దు. నేనొక్కదాన్నే వెళ్తాను," అంది. మెట్లు దిగి, ఆకుపచ్చ గౌనుతో, చెదిరిన జుట్టుతో వీధిలోకి నడిచింది. ఎదురొచ్చిన జనం మాటలు ఆపి ఆమెకు దారిచ్చారు. ఆమె వెనక్కి తిరగలేదు.

సందు చివరి దాకా చూసి కొంగ లోపలికి వచ్చాడు. స్క్రిప్ట్ ఆపలేదని గుర్తొచ్చి ఆపేశాడు. లాప్‌టాప్ మూశాడు.

పెద్దాయన మళ్లీ వచ్చి కిటికీ తెర సర్దాడు. "ఒప్పందం నిలబడింది. పైనుంచి అభినందనలు వచ్చాయి. కొన్నాళ్లు సెలవు పెట్టు. ఇంటికెళ్లి పడుకో."

"అలాగే సార్."

"ఇంట్లో..." పెద్దాయన తటపటాయించాడు. "ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారయ్యా?"

కొంగ వైర్లు చుట్టలు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

"ఇంటర్నెట్ ఒక్కటి ఉంది సార్."